నడుము లోతు నీళ్ళలో నడక

మా తల్లి ధనలక్ష్మికి నాన్న దీవెనలు.

ఇక్కడ నేను, మీ అమ్మ జగ్గమ్మ, గేదెలు రెండూ బాగానే ఉన్నాం. విశాఖలో ఆ హాస్టల్ పిల్లలందరికీ వండిపెడుతూ నువ్వు వేళకు తింటున్నావో లేదో రాయలేదు. ముందు అది రాయి.

నా మోకాళ్ళ సంగతి అడిగావు. లోపల గుజ్జు అరిగిపోయిందన్నారు డాక్టరుగారు. తొంభై రెండు కేజీలు మోస్తున్నాయి కదా, ముందు ఓ పన్నెండు తగ్గమన్నారు. "మరి నడవనా?" అంటే సిమెంటు రోడ్డు మీద వద్దు, మెట్లు వద్దు, గెంతులు అసలే వద్దన్నారు. ముప్పై ఏళ్ళు మేళంలో గుండెకు తప్పెట కట్టుకుని గెంతడమే బతుకైనవాడికి ఆ మాట ఎలా మింగుడు పడుతుంది చెప్పు! ఏడుపొచ్చింది. మీ అమ్మ ముందు ఏడవలేక దగ్గాను.

మోకాలికి అదురు తగలకుండా ఒంటికి చెమట పట్టే పని ఏదైనా చూసుకోమన్నారు. కుర్చీలో కూర్చుని చేతులు ఆడించడం రెండు రోజులు చేశాను. "ఈగలు తోల్తన్నావేటి?" అంది మీ అమ్మ. దాంతో అది మానేశాను. ఇప్పుడు పొద్దున్నే నాగావళిలో నడుము లోతు నీళ్ళలో అరగంట నడుస్తున్నాను. నీళ్ళే ఒళ్ళును మోస్తాయి, మోకాలికి బరువు తెలియదు. సాయంత్రం చదును దారిలో సైకిలు. రాత్రిపూట అన్నం మాని చోడిపిండి అంబలి తాగుతున్నాను. రెండు నెలల్లో ఐదు కేజీలు తగ్గాను.

దేవేంద్ర మనింటికి వచ్చాడట, నిజమేనా అని రాశావు. నిజమే. ఆ సైకిలు గరివిడి నుంచి అతనే తెచ్చాడు. నాలుగేళ్ళుగా నువ్వు మొహం చూడని మొగుణ్ణి ఇంట్లోకి రానిచ్చానని కోపగించుకోకు. అసలు సంగతి ఫోన్లో చెప్పే ధైర్యం లేకే కాగితం పట్టుకున్నాను.

పాతపట్నం వైపు ఆ అమ్మవారి పండగ నువ్వు మరిచిపోయుండవు. నా భుజాల మీద నిలబడి తప్పెట వాయిస్తూ అతను కింద పడ్డాడు. కుడి మోచెయ్యి విరిగింది, ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. మేళం పెద్దలు "ఏటైనాది ఎర్రన్నా?" అని అడిగితే "కుర్రోడు తాగొచ్చినాడు" అన్నాను. గజ్జె కట్టాక కల్లు ముట్టకూడదన్నది మన మేళం కట్టుబాటు. అది తప్పినవాడితో కాపురం చెయ్యనని నువ్వు గడప దాటావు.

అతను తాగలేదమ్మా. నా ఎడమ మోకాలు నిలవలేదు. ఆ ఏడాదంతా అది వాస్తూనే ఉంది. తెలిస్తే నన్ను మేళం ముందు నుంచి తప్పిస్తారని రంగు గుడ్డ బిగించి కట్టి, అలంకారమని అందరినీ నమ్మించాను. రెండు నెలల కిందట ఎక్స్‌రే చూసి "ఇది నాలుగైదేళ్ళ అరుగుదల" అని డాక్టరుగారు అన్నప్పుడు మీ అమ్మ పక్కనే ఉంది.

సైకిలు తెచ్చిన రోజు అతను ఎడమ చేత్తోనే సీటు పైకెత్తి బిగించాడు. "కాలు బాగా సాగాల మావా. సీటు కిందకుంటే బరువంతా మోకాలు మీద పడతాది" అన్నాడు. ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు నా మోకాలు సంగతి నీకు తెలుసేటిరా?"

"నీ భుజాల మీద నిలబడినోడ్ని. నీ కాలు వణకడం నాకు తెలీదేటి?"

"మరి పిల్లకి సెప్పలేదేటి?"

"సెప్పినాను మావా. నమ్మలేదు. మా నాన్న అబద్ధం ఆడడు అన్నాది."

తల్లీ, ఆ మాటకి నేను చచ్చిపోయినంత పనైంది. ఈ ఆదివారం పెద్దలందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పేస్తాను. వాళ్ళకంటే ముందు నీకు తెలియాలని రాశాను. అతని దగ్గరికి వెళ్ళమని నిన్ను అడిగే ముఖం నాకు లేదు. నీ నాలుగేళ్ళూ నేను తెచ్చివ్వలేను. ఈసారి మాత్రం నేను చెప్పింది నిజం.

ఇట్లు,
నువ్వు నమ్మిన మీ నాన్న,
ఎర్రన్న