ఘాటు తగలని దూరం

ప్రత్తిపాడు,
జనవరి నెలాఖరు

ప్రియమైన వదినగారికి,

మీ మరదలు మహిమ వందనాలు. ఫోన్ ఉండగా ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకండి. మీకు ఒక్క ముక్క వినబడాలంటే నేను అరవాలి, నేను అరిస్తే వీధి వీధంతా వింటుంది. ఇది వీధికి చెప్పే కబురు కాదు.

ఆపరేషన్ అయింది. ఎనిమిదేళ్ళ క్రితం కాన్సర్ అని ఎడమ రొమ్ము తీసేసి, వెలితి కనబడకుండా సిలికాన్ సంచి పెట్టారు కదా, దాన్ని చుట్టూ గట్టిపడిన పొరతో సహా గుంటూరు డాక్టరమ్మ తీసేసింది. పెట్టిన మూడేళ్ళకే అది రాయిలా బిగుసుకుపోవడం మీకు తెలుసు. ఆ పక్క చెయ్యి ఎత్తలేను, ఆ పక్కకి తిరిగి పడుకోలేను. తర్వాత కీళ్ళ నొప్పులు, దద్దుర్లు, దువ్వెన నిండా జుట్టు, మధ్యాహ్నానికే సోలిపోవడం. "ఇవన్నీ దీనివల్లేనా?" అని అడిగితే డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "బిగుతూ నొప్పీ తగ్గుతాయమ్మా. మిగతావి తగ్గాయన్నవాళ్ళూ ఉన్నారు, తగ్గనివాళ్ళూ ఉన్నారు. నేను మాట ఇవ్వలేను. ఏడాది పైనే పట్టొచ్చు" అంది. తీసింది చూపించమంటే పళ్ళెంలో పెట్టి చూపించారు. పెద్ద తాటిముంజలా ఉంది. ఇన్నేళ్ళూ దీన్నా మోసింది అనుకున్నాను.

అక్కడి చర్మం మటుకు ఇప్పటికీ నాది కాదు. గిల్లినా తెలియదు, ఐసు పెట్టినా తెలియదు. మొదటి ఆపరేషన్ నుంచీ అంతే.

ఇంకో సంగతి. నేను ఇంటికొచ్చిన మర్నాడు మీ తమ్ముడుగారు మిరప మొదటి కోత కోయించి తిన్నగా నా మంచం దగ్గరికి వచ్చారు. కాయల ఘాటుకి గట్టిగా తుమ్మాను. ప్రాణం పోయిందనుకున్నాను వదినా! గాయం పక్కన పెట్టిన గొట్టంలోకి ఎర్రగా రక్తం దిగింది. కట్టు కూడా జారింది. ఆయన మొహం పాలిపోయింది. ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి బయటికి వెళ్ళిపోయారు. బయటినుంచే డాక్టరమ్మకి ఫోన్ చేశారు. కంగారేమీ లేదు, దగ్గూ తుమ్మూ రాకుండా చూసుకోమందట. ఆ తర్వాత ఆయన గదిలోకి రాలేదు. కట్టు కింద చదునుగా ఉన్నది చూశారు కదా, అందుకేనేమో.

మీ మరదలు,
మహిమ

*

వేటపాలెం,
ఫిబ్రవరి

మరదలు పిల్లా మహిమా,

నా చెవుల మీద ఎగతాళా? ఉండు, నీకూ వస్తుంది ముసలితనం. నీ రాత మటుకు కోడి కెలికినట్టే ఉంది, నా బళ్ళో అయితే ఇంపోజిషన్ రాయించేదాన్ని.

చెయ్యి పైకి లేవాలంటే కుట్లు మానాక గోడకెదురుగా నిలబడి వేళ్ళతో గోడ పాకు. తొందరపడకు, మానకు. బస్సులో జీడిపప్పు పంపాను, వండి నలుగురికీ పంచిపెట్టకుండా నువ్వు తిను.

ఇక మా జయరావు సంగతి. వాడు చిన్నప్పుడు పండక్కి కోడిని కోస్తుంటే పశువుల పాకలో దాక్కునేవాడు. రక్తం చూస్తే వాడికి కాళ్ళాడవు. అంతకు మించి ఏమీ లేదు. నాలుగు రోజుల్లో వాడే వస్తాడు, లేనిపోనివి ఊహించుకోకు.

ప్రభువు నీ మంచం పక్కనే ఉన్నాడు.

మీ వదిన,
ప్రేమమ్మ

*

ప్రత్తిపాడు,
ఏప్రిల్

ప్రియమైన వదినగారికి,

నిన్న రాత్రి ఎడమ పక్కకి తిరిగి పడుకున్నాను! నిద్రలో నాకు తెలియకుండానే తిరిగిపోయాను. పొద్దున మెలకువ వచ్చి చూసుకుంటే ఎడమ చెంప దిండు మీద ఉంది. నమ్మలేక కాసేపు అలాగే పడుకున్నాను. ఈ ఒళ్ళు ఎవరినీ అడగకుండా తనంతట తనే ఎలా నేర్చుకుందో! వేళ్ళు గోడ మీద కిటికీ పైకమ్మీ దాకా పాకుతున్నాయి.

మీరన్న నాలుగు రోజులు మటుకు ఇంకా కాలేదు. ఈ సీజనంతా ఆయన కాయ ఆరబోసిన కల్లంలోనే పడుకున్నారు. ఏటా కాపలాకి మనిషిని పెట్టేవాళ్ళం, ఈసారి "నేనే ఉంటాలే" అన్నారు. పొద్దున వచ్చి గడప అవతలే నిలబడి కేరియర్ తీసుకుంటారు. మందులు వేసుకున్నావా అని అక్కణ్ణుంచే అడుగుతారు. వేసుకున్నానంటాను. అంతే మా కాపురం.

మీ మరదలు,
మహిమ

*

వేటపాలెం,
మే

మహిమా,

ఎడమ పక్కకి తిరిగావని చదివి నేను కుర్చీలోంచి లేచి స్తోత్రం చెప్పాను. పక్కింటి హీనా పరిగెత్తుకొచ్చింది, నాకేదో అయిందని.

కాయ కోల్డ్ స్టోరేజీకి ఎక్కగానే వాడు ఇంటికి రాక చస్తాడా? కల్లం ఖాళీ అయ్యాక వాడికి సాకేముంటుంది?

ప్రేమమ్మ

*

ప్రత్తిపాడు,
ఆగస్టు

ప్రియమైన వదినగారికి,

నెల రోజులుగా కలం పట్టబుద్ధి కాలేదు. మోకాళ్ళు, మణికట్లు మళ్ళీ పట్టేశాయి. మళ్ళీ దద్దుర్లు. కాన్సర్ తిరగబెట్టిందేమోనని గుంటూరు వెళ్ళాను. పరీక్షలన్నీ చేశారు, లేదన్నారు. "ఇది తిన్నగా పోయే దారి కాదమ్మా. ముందుకి పోతుంది, కాస్త వెనక్కి వస్తుంది. ఓపిక పట్టు" అంది డాక్టరమ్మ. ఓపికే కదా లేనిది!

సాకేముంటుందన్నారు. దొరికింది. మీ తమ్ముడుగారు గుంటూరు దారిలోని కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాల అజమాయిషీకి చేరారు. సాయంత్రం వచ్చి మోటారు దగ్గర ఒళ్ళు తోలు ఊడేలా రుద్దుకుని, వసారాలో మంచం వాల్చుకుంటారు. లోపలికి రారాదా అని అడిగాను. "ఇక్కడ గాలి బాగుందిలే" అన్నారు. ఇంకేం అడుగుతాను? అడిగితే నిజం చెప్తారేమోనని భయం.

సంచి ఉన్నన్నాళ్ళూ నొప్పితో మూలిగినా ఆయన నా పక్కనే ఉండి వీపు నిమిరేవారు. ఇప్పుడు ఒళ్ళు తేలికైంది, పక్క ఖాళీ అయింది. నాకు నయమైనా ఎవరి కోసం వదినా?

మహిమ

*

వేటపాలెం,
ఆగస్టు

ఒసేయ్ పిచ్చిమొహమా,

ఎవరి కోసమంటావేమే? నీ కోసం! నాకు కోపం వస్తే మరదలని కూడా చూడను.

ఉత్తరం చదివి రాత్రి అన్నం సయించలేదు. వాడికి ఫోన్ చేసి తిట్టాను. వాడేదో చెప్పాడు, నాకు ఒక్క ముక్క వినబడలేదు. నా తిట్లు మటుకు వాడికి వినబడే ఉంటాయి.

నువ్వు గోడ పాకడం మానకు. గోడ నీకు మొగుడి కంటే నమ్మకమైనది ప్రస్తుతానికి.

నీ వదిన

*

ప్రత్తిపాడు,
డిసెంబరు, క్రిస్మస్ వెళ్ళాక

ప్రియమైన వదినగారికి,

ఏం రాయమంటారు, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు! దద్దుర్లు పోయాయి. నొసటి మీద బుల్లి బుల్లి వెంట్రుకలు మొలిచి ఎంత నూనె రాసినా అణగడం లేదు. బిందె చంకనెత్తుకుని, ఇంటికొచ్చి దించేదాకా ఎత్తుకున్నానన్న ధ్యాసే లేదు. మధ్యాహ్నం సోలిపోవడం ఎప్పుడు మానేశానో కూడా గుర్తు లేదు. బాధ వచ్చినప్పుడు చప్పుడు చేసుకుంటూ వస్తుంది గానీ పోయేటప్పుడు చెప్పి పోదు కదా. మోకాళ్ళు మటుకు చలికి ఇంకా మూలుగుతూనే ఉన్నాయి, అవి కూడా పోతాయని డాక్టరమ్మ అనలేదు. ఫరవాలేదు.

మొన్న మన వీధి హనుమాయమ్మత్త చేలో పత్తి తీయడానికి సరదాగా వెళ్ళాను. నడుముకి ఒడి కట్టుకుని రెండు చేతులా తీశాను. ఒక సాలు చివర నిలబడి ఊపిరి తీసుకుంటూ ఎందుకో ఎడమ వైపు అరచెయ్యి పెట్టుకున్నాను. గుండె! నా అరచేతి కింద కొట్టుకుంటోంది వదినా! ఎనిమిదేళ్ళుగా అక్కడ చెయ్యి పెడితే గట్టి ముద్దే తగిలేది, గుండె ఎక్కడో అవతల ఉండేది. ఇప్పుడు మధ్యలో ఏమీ లేదు. నేను ఏడ్చినప్పుడూ తిట్టుకున్నప్పుడూ అది మానకుండా కొట్టుకుంటూనే ఉంది. దేవుని పని ఎంత పెద్దదో చేలో నిలబడ్డాక తెలిసింది. హనుమాయమ్మత్త కంగారుపడి "ఏమైందే, పురుగేమైనా కుట్టిందా?" అంది.

ఈ మాట ఆయనకి చెప్పాలని పరిగెత్తుకుని ఇంటికొచ్చాను. వసారాలో ఉన్నారు. నేను దగ్గరికి వెళ్తుంటే ఆయన లేచి అవతలికి జరిగారు. చెప్పకుండానే లోపలికి వెళ్ళిపోయాను. క్రిస్మస్‌కి చీర కొన్నారు, కిటికీలోంచి అందించారు.

మీ
మహిమ

*

వేటపాలెం,
ఫిబ్రవరి

మహిమా,

నీ గుండె సంగతి చదివి నా గుండె మీద నేనూ చెయ్యి పెట్టుకున్నాను. ఇన్నేళ్ళు బతికాను, ఒక్కసారీ ఆ పని చేయలేదు.

కానీ కిటికీలోంచి చీర! వాడు నా తమ్ముడే అయినా ఇక ఊరుకోను. బస్సెక్కి రావాలంటే నా కాళ్ళు సహకరించవు కాబట్టి నువ్వే వెళ్ళు. ఇప్పుడు మళ్ళీ కల్లంలోనే ఉంటాడుగా? పట్టపగలు, కూలీలందరూ ఉండగా వెళ్ళి, "ఏమయ్యా, నేను నీకు రోతగా ఉన్నానా?" అని అడుగు. అవునంటే పెట్టె సర్దుకుని నా దగ్గరికి వచ్చెయ్. ఇద్దరం జీడిపప్పు తింటూ బతుకుదాం. కాదంటే ఎందుకో చెప్పమను. ఏదో ఒకటి తేల్చుకోకుండా నాకు ఉత్తరం రాశావో, విప్పకుండా పొయ్యిలో పెడతాను.

ప్రేమమ్మ

*

ప్రత్తిపాడు,
మార్చి

ప్రియాతిప్రియమైన మా వదినగారికి,

తేల్చుకున్నాను. పొయ్యిలో పెట్టకండి.

నిన్న మిట్టమధ్యాహ్నం కేరియర్ పట్టుకుని కల్లానికి వెళ్ళాను. ఎటు చూసినా ఎర్రగా ఆరబోసిన కాయ. రంగు పోయిన తాలుకాయ ఏరుతున్న ఆడవాళ్ళందరూ తలెత్తి చూశారు. ఆయన ఆ చివర ఉన్నారు. నన్ను చూడగానే రెండు చేతులూ ఊపి, "ఆగు! అక్కడే ఆగు! దగ్గరికి రావద్దు!" అని కేకపెట్టారు.

పదిమందిలో నేనడగాల్సిన మాటకి పదిమందిలో ఆయనే జవాబు చెప్పేశారనుకున్నాను. కానీ మీ మాట గుర్తొచ్చి మొండిగా ముందుకే నడిచాను. రాశి దాకా వెళ్ళేసరికి ఘాటు గుప్పుమని ముక్కులోకి కొట్టింది. ఒక్క తుమ్ము తుమ్మాను వదినా, ఆ చప్పుడు వేటపాలెంలో మీ చెవులకి కూడా వినబడి ఉంటుంది!

ఆయన కాయ తొక్కుకుంటూ పరిగెత్తుకొచ్చారు. వచ్చి, నా ముందు బారెడు దూరంలో టక్కున ఆగిపోయారు. తన చొక్కా చూసుకుంటున్నారు, చేతులు చూసుకుంటున్నారు, ముట్టుకోలేకపోతున్నారు. "కుట్లు! మహీ, కుట్లు!"

"ఏం కుట్లండీ? ఎప్పుడో పోయిన ఏడు మానిపోయాయి."

"డాక్టరమ్మ తుమ్ము రాకుండా చూడమంది."

"ఎన్నాళ్ళు చూడమంది?"

"చెప్పలేదు. నేను అడగలేదు. ఇక పర్లేదని కూడా ఎవరూ అనలేదుగా."

నా చేతిలో కేరియర్ జారి పడింది. ఆ రోజు గొట్టంలోకి రక్తం దిగడం చూసి, తన చొక్కాకంటిన ఘాటే నన్ను చంపేస్తుందనుకున్నారట మీ తమ్ముడు! అప్పటినుంచీ రోజూ మజ్జిగతో ఒళ్ళు రుద్దుకోవడం, గడప దాకా రావడం, చొక్కా వాసన చూసుకోవడం, వెనక్కి పోవడం. "ఘాటు పోయిందో లేదో నాకు తెలిసేది కాదు మహీ. పుట్టినప్పటినుంచీ కాయలో బతికినవాణ్ణి, నా ముక్కుకి మిరప వాసన తెలుస్తుందా? ఎందుకొచ్చిందిలే అని దూరంగానే ఉండిపోయాను" అన్నారు. ఆ ఫోన్లో మీకు చెప్పింది కూడా ఇదేనట. మీరేమో తిట్టి పెట్టేశారట.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు పర్లేదు రమ్మంటావు. నువ్వు రమ్మంటే నేను ఆగలేను."

ఏడాదిగా నన్ను చూసి పారిపోతున్నారనుకున్న మనిషి ఏడాదిగా నన్ను కాపలా కాస్తున్నారు. ఒళ్ళు మానడం చూసి ఆశ్చర్యపోయాను గానీ, ఇంతకంటే పెద్ద వింత ఇంటి వసారాలోనే ఉందని తెలుసుకోలేదు. ఇంతలో మళ్ళీ తుమ్మొచ్చింది. ఆయన ఉలిక్కిపడ్డారు. నాకేమీ కాలేదు. నొప్పి లేదు, లాగడం లేదు. అది చూసి నాకు నవ్వొచ్చింది, నవ్వుతుంటే మళ్ళీ మళ్ళీ తుమ్ములు. హనుమాయమ్మత్త తాలుకాయ వదిలేసి, "చిరంజీవ! నిండు నూరేళ్ళు!" అని తుమ్ముతుమ్ముకీ దీవిస్తోంది. ఆయన మిరపకాయల మీదే చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. మిరప చేతులతో కళ్ళు తుడుచుకుని ఇంకా ఏడ్చారు.

సాయంత్రం ఆయన గదిలోకి వచ్చారు. మజ్జిగతో కడిగి, సబ్బుతో కడిగి, కొబ్బరినూనె రాసుకుని మరీ వచ్చారు. ఆయన చెయ్యి తీసుకుని ఎడమ వైపు, చదునుగా ఉన్న చోట పెట్టుకున్నాను. పత్తిచేలో చెప్పాలనుకున్న మాట నేను చెప్పక్కర్లేకుండా ఆయన అరచేతికి తెలిసింది.

ఎన్నిసార్లు కడిగినా మిరప చెయ్యి మిరప చెయ్యే కదా వదినా. కాసేపటికి అక్కడి ఆపరేషన్ మచ్చ అంచున చురుక్కుమంది. మొదట ఏమిటో అర్థం కాలేదు. ఎనిమిదేళ్ళకి పైగా గిల్లినా తెలియని చోట, ఐసు పెట్టినా తెలియని చోట, మంట! నేను అదిరిపడడం చూసి ఆయన గాభరాగా చెయ్యి లాక్కున్నారు. వెన్న తెచ్చి రాస్తానని లేచారు.

నేను ఆ చెయ్యి మళ్ళీ పట్టుకుని కూర్చోబెట్టాను. "వెన్న వద్దు. కాసేపు మండనివ్వండి" అన్నాను.

మీ మరదలు,
మహిమ