చిన్నీ మందారానికి నల్లి

మంగళవారం, రాత్రి

చిన్నీ, నీ మందారానికి ఎర్రనల్లి పట్టిందమ్మా. నువ్వు కన్నుమూసినప్పటి నుంచి నీ గది కిటికీ నేను తెరవలేదు. నీ దుప్పట్లో నీ వాసన ఇంకా ఉంది. అది పోతుందని భయం. రోజూ తలుపు ఓరగా తీసి, కుండీలో చెంబెడు నీళ్లు పోసి, మళ్లీ మూసేసేదాన్ని. ఈరోజు చూస్తే ఆకుల నిండా తెల్లటి చుక్కలు, కొమ్మల మధ్య సాలెగూడు లాంటి సన్నటి దారాలు.

మీ నాన్నను పిలిచాను. ఆయన ఆకు తిప్పి చూశాడు.

"ఏందే, మన మిరపకొచ్చే నల్లేగా ఇది! ఉండు, చేలో కొట్టగా మిగిలిన మందు తెస్తా."

"పిల్ల పడుకున్న గదిలో మందు కొడతావా? ఆ కంపు నేను ఓర్వలేనయ్యా."

"అయితే కిటికీ తియ్యి. మూసిపెట్టిన గదిలో వేడికి నల్లి పెరగక ఏం జేసుద్ది? వాసన దాస్తన్నా అనుకుంటా పురుగును మేపుతన్నావు."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన కుండీని రెండు చేతులతో ఎత్తి పంపు దగ్గర పెట్టాడు. ఒక్కో ఆకూ తిప్పి అడుగున కడిగాను, చిన్నప్పుడు నీ చెవుల వెనక కడిగినట్టు. కొమ్మ చివర ఒక మొగ్గ కనిపించింది. దానికింకా నల్లి అంటలేదు.

కుండీ మళ్లీ నీ గదిలోనే ఉంది. కిటికీ తీసే ఉంచాను. నల్లి మళ్లీ వస్తే మళ్లీ కడుగుతాను. ఇందాక దుప్పటి ముఖానికి ఆనించుకున్నాను, నీ వాసన ఉంది. రేపు ఉంటుందో లేదో...

ఈ పూట నేనూ అన్నం తిన్నాను. నువ్వు ఎక్కడున్నా కడుపునిండా తినమ్మా.