పాలవేళ పరుగు

చిక్కడపల్లి

ప్రియమైన అమ్మకు,

పరుగుకు పోతున్ననని అలిగి, నాతోని మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నవ్ గదా, అందుకే పాప ఊయలకు ఈ ఉత్తరం కడుతున్న. తెల్లారంగ పాపకు కడుపునిండ పాలిచ్చినంకనే ఇందిరా పార్కుకు పోయిన. మంచుల చెట్లు కనవడలే. కాళ్లు నావో కావో, కలల ఉరికినట్టే ఉండె. పోలీసు ఉద్యోగానికి పరుగు పరీక్ష వచ్చే నెలనే. ఇన్నేండ్ల చదువు దాంతోనే తేలుతది. నారాయణగూడ డాక్టరమ్మ గూడ, మెల్లగ మొదలువెట్టు, ఏంగాదన్నది.

ఇంటికొచ్చి తానం చేసినంక, మూతి ముడుచుకుంటనే నువ్వు నా ఛాతికి, వీపుకు కర్పూరం నూనె రాసినవ్. లోపల్లోపల నవ్వొచ్చింది. గని పాప పాలు వట్టక మొఖం తిప్పుకున్నది. ఎందుకే అమ్మా?

నీ సంయుక్త

బంగారు తల్లికి,

ఎందుకా? ఉరికొచ్చిన బాలింత పాలు చెడిపోతయని మా అత్త నర్సింహమ్మ మొత్తుకునేది. నీ నౌకరి మీద నాకు పగ లేదే. పసిగుడ్డు ఆకలికి ఏడుస్తుంటె నా పాణం కొట్టుకుంటున్నది. పరుగన్న ఇడువు, లేకుంటె డబ్బా పాలన్న తెప్పియ్యి. సల్లగాలికి పోతున్నవ్, నూనె మాత్రం వద్దనకు.

అలిగిన మీ అమ్మ

అమ్మా,

డాక్టరమ్మను మళ్ల అడిగిన. ఉరికితె పాలు చెడవట. చెమట ఉప్పగుంటది, కడుక్కొని పాలియ్యి, నీళ్లు బాగ తాగు అన్నది. అన్ని చేసిన. ఇయ్యాల గూడ గంతే. పాప అటు తిరిగి ఏడ్చింది, నేనిటు తిరిగి ఏడ్చిన. కునుకుల కలొచ్చింది. పాప నా ముంగట గాలిల తేలుకుంట పోతున్నది, ఎంత ఉరికినా అందలే.

ఇగ వద్దమ్మా. అశోక్ నగర్ కోచింగ్‌ల రానని చెప్పిన. బూట్లు కింది వాటా అంబికకు ఇచ్చేసిన. నువ్వే గెలిచినవ్, ఇగనన్న మాట్లాడు.

సంయుక్త

నా తల్లి సంయుక్తకు,

నువ్వు పరుగు మానంగనే పాప మంచిగ తాగవట్టె, నేనే గెలిచిన్ననుకున్న. ఇయ్యాల మెడ వట్టేసిందని గా కర్పూరం నూనె రాసుకొని పాపనెత్తుకున్న. అచ్చం గట్లనే ముక్కు చిట్లించి మొఖం తిప్పుకున్నది! నేనేడ ఉరికిన్నే? దానికి గిట్టనిది నూనె వాసన. నువ్వు ఉరికిన దినమే రాస్తుంటి గదా. డాక్టరమ్మకు ఫోన్ చేస్తె, పసిపిల్లల దగ్గర కర్పూరమే వద్దని మంచిగ తిట్టింది. సీసా పారేసిన.

బూట్లు తెచ్చి నీ మంచం కింద పెట్టిన. రేపు పాలిచ్చి పోదాం పా. నేను పాపనెత్తుకొని పార్కుల బెంచీ మీద కూసుంట. కలల లెక్క గాదు, ఉరికితె అందేటంత దగ్గర్ల.

ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన. వంటింట్లకు రా, మిగిలింది నోటితోనే చెప్త.

నీ అమ్మ
కమల