కింద నీళ్ళు లేని నేల

ఆగస్టు 10, శనివారం

ఇప్పుడే రాయాలి. ఇంకో రెండు రోజులు ఆగితే నేను చెప్పిన అబద్ధాన్ని నేనే నమ్మేస్తాను.

నిన్న మధ్యాహ్నం హాస్టల్ భోజనాల గదిలో నా క్లాస్‌మేట్ మెయ్లాని నా చెల్లెల్ని చూపించి, "ఇది ఎవరో నీకు తెలుసా?" అని అడిగింది. నేను "తెలీదు" అన్నాను.

జరిగింది అంతే. కాదు, అంతే కాదు. మొదటి నుంచి రాస్తాను.

మాది సముద్రంలో కట్టుకున్న ఊరు. పొడుగాటి కర్రల మీద ఇళ్ళు, వెదురు బద్దల నేల, బద్దల సందుల్లోంచి కనిపించే నీళ్ళు. మాలో బిడ్డ వెంట వచ్చే మావిని ఇంటి కింద నీళ్ళలో వదులుతారు. అది ఆ బిడ్డకి తోడబుట్టినది. అందుకే మా ఊళ్ళో ఒంటరిగా పుట్టినవాళ్ళు లేరు. తిండికి కూర్చోగానే నాలుగు మెతుకులు సందులోంచి కిందికి వదులుతాం. ముందు అది తినాలి, తర్వాతే మేం.

మా ఇంట్లో పేరు రాయడం వచ్చిన మొదటి మనిషిని నేను. రెండేళ్ళుగా ఈ హాస్టల్లో అందరికీ మాది నేల మీది రాహా టౌన్ అని చెప్పుకున్నాను. చెల్లెలు నుర్లిన్ కిందటి నెల ఇక్కడే పదో తరగతిలో చేరింది. వచ్చిన రోజే దానికి చెప్పాను, "ఇక్కడ నన్ను అక్కా అనకు" అని. అది తలూపింది. ఎందుకని కూడా అడగలేదు.

నిన్న అది ఆకలి మీద ఉందో, పరధ్యానంలో ఉందో, పళ్ళెం ముందు కూర్చుని, చెయ్యి పక్కకి చాచి నాలుగు మెతుకులు కిందికి వదిలేసింది.

కింద నీళ్ళు లేవు. తెల్లటి టైల్స్.

"చూడండర్రా, నేలకి అన్నం పెడుతోంది!" అని మెయ్లాని అరిచింది. "ఏమే చేపపిల్లా, నేలకి ఆకలేసిందా? అయితే ఇద్దరూ కలిసే తినండి." పళ్ళెం కింద పెట్టించారు. చేతులు వెనక్కి పెట్టుకుని వంగి తినమన్నారు. ఎవరో ఫోన్ తీశారు. నుర్లిన్ తింటూనే తలెత్తి నా కోసం వెతికింది. మెయ్లాని దాని చూపు వెంటే నా దగ్గరికి వచ్చింది.

అప్పుడే అడిగింది.

ఆగస్టు 11

నుర్లిన్ మంచం ఖాళీ. నిన్న మొదటి పడవలోనే వెళ్ళిపోయిందని వార్డెన్ ఎవరితోనో చెబుతోంది. ఆ పిల్ల నీకేమవుతుందని నన్ను అడగలేదు.

ఆగస్టు 12, ఉదయం 5

కల వచ్చింది. టైల్స్ మెల్లగా పలచబడి గాజులా అయ్యాయి. కింద ఆకుపచ్చటి నీళ్ళు. ఆ నీళ్ళలో నుర్లిన్ లాంటి పిల్ల వెల్లకిలా తేలుతోంది. జుట్టు నాచులా పైకి లేచి ఊగుతోంది. నోరు తెరిచి ఎదురుచూస్తోంది. నా గుప్పిట్లో మెతుకులున్నాయి. ఎక్కడా సందు లేదు.

మెలకువ వచ్చాక కూడా చాలాసేపు మంచం అలల మీదే ఉంది.

మధ్యాహ్నం

నాన్న ఫోన్ చేశారు. వీడియో ఊరి గ్రూప్‌కి చేరింది.

"జుమ్రియా, అందులో తెలీదు అన్న గొంతు నీదేనంటోంది మీ నానమ్మ. ముసలిదానికి చెవులు పోయాయిలే అన్నాను." ఆగారు. "చెవులే కదమ్మా?"

ఫోన్‌లో ఇంటి స్తంభాలకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఇద్దరం అది వింటూ ఉండిపోయాం.

చివరికి ఆయనే చెప్పారు. ఇరవయ్యారో తేదీ ఉదయం హాజరుకి నుర్లిన్ లేకపోతే పేరు కొట్టేస్తామన్నారట స్కూలు వాళ్ళు. అది వెళ్ళనంటోంది. "పెద్దదాన్ని పంపినప్పుడు భయపడ్డాను. చిన్నదాన్ని పంపినప్పుడు భయపడలేదు, నువ్వున్నావుగా అని." తిట్టినా బాగుండేది.

ఆగస్టు 13

చేశాను.

భోజనాల గదిలో అందరూ కూర్చున్నాక నిలబడి నాలుగు మెతుకులు టైల్స్ మీద వదిలాను. "మాది రాహా కాదు. సముద్రం మీద ఊరు. శుక్రవారం మీరు నేల మీద తినిపించింది నా సొంత చెల్లెల్ని" అన్నాను. ఇంటి దగ్గర అద్దం ముందు పాఠం ఒప్పజెప్పినట్టు వచ్చింది గొంతు.

మెయ్లాని చప్పట్లు కొట్టింది. "అబ్బో! వలలో రెండోది కూడా పడిందర్రా. అదీ సంగతి, దీని దుప్పటికి ఆ ఉప్పు వాసన ఎక్కడిదా అనుకున్నాను."

అందరూ నవ్వారు. అందరూ కాదేమో, లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. వంటావిడ చీపురు పట్టుకొచ్చి మెతుకుల వైపు చూసి, ఊడ్చకుండా నిలబడింది. "ముందు నువ్వు తిను తల్లీ. చల్లారిపోతోంది" అంది.

పళ్ళెం ఖాళీ చేశాను. దీన్ని ధైర్యమని రాసుకోను. నాలుగు రోజులు ఆలస్యమైంది.

ఆగస్టు 15

నా దిండు కింద ఎండుచేపలు పెట్టారు. మంచి రకం. రేపు ఇంటికి తీసుకెళ్తాను.

ఆగస్టు 16, శుక్రవారం

రేపు మా దేశపు స్వాతంత్ర్య దినం. ప్రతి ఇంటి మీదా ఎరుపూ తెలుపూ జెండా. నీళ్ళలో వాటి నీడలు తలకిందులుగా ఎగురుతున్నాయి. పడవ దిగినప్పుడు ఏవి అసలువో ఒక్క క్షణం తెలియలేదు.

నుర్లిన్ గోడవైపు తిరిగి పడుకుంది. "వారం నుంచి మూడే మాటలు. ఆకలి లేదు, నిద్రొస్తోంది, వెళ్ళను" అంది అమ్మ. నేను పక్కన కూర్చున్నాను.

అది అక్కా అనలేదు. అనొద్దని చెప్పింది నేనే.

ఆగస్టు 17

నానమ్మ నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది. "దాని చెవికి నీ గొంతు ఎక్కదిప్పుడు. నీళ్ళలో ఉన్న దాని తోడబుట్టినదానికి చెప్పుకో. సముద్రం పోటు మీదున్నప్పుడు ఇంటి కిందికి దిగు. నీళ్ళు మెడ దాకా ఉండాలి. అబద్ధమాడావో, నోట్లోకి ఉప్పునీళ్ళు పోతాయి."

"నానమ్మా, నేను ఫిజిక్స్ చదువుతున్నాను."

"చదువుకోవే. ఫిజిక్స్‌కి ఈత రాదా?"

సాయంత్రం 5

ఇంకా జుట్టు ఆరలేదు. కాగితం తడుస్తోంది.

దిగాను. ఇంటి కింద వెలుతురు బద్దలు బద్దలుగా పడి నీళ్ళ మీద కదులుతోంది. చిన్నప్పుడు ఇక్కడే ఇద్దరం స్తంభాల చుట్టూ దాక్కునేవాళ్ళం. తల ఎత్తితే పైన బద్దల మీద ఒకచోట వెలుతురు లేదు. అక్కడ నుర్లిన్ పడుకుని ఉంది.

నీళ్ళతో మాట్లాడాను. రాహా గురించి చెప్పాను. ఈ హాస్టల్‌కి రాకముందు, పాత స్కూల్లో నా చెప్పులు చెత్తబుట్టలో పడేసి "ఈదుకుంటూ పో" అన్న సంగతి చెప్పాను. అది ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ తర్వాతే ఊరి పేరు మార్చి చెప్పుకున్నాను. "భయపడ్డాను. నేను తప్పించుకోవాలని దాన్ని వాళ్ళకి వదిలేశాను. అది నా చెల్లెలు. నాకు తెలుసు. పుట్టిన రోజు నుంచీ తెలుసు. నిన్ను ఈ నీళ్ళలో వదిలిన రోజు దీపం పట్టుకున్నది నేనే, నానమ్మ చంకలో కూర్చుని" అన్నాను.

ఉప్పునీళ్ళు నోట్లోకి పోలేదు. కళ్ళలోంచి వచ్చాయి.

పైన నీడ కదిలింది. బద్దల సందులోంచి నాలుగు మెతుకులు రాలాయి. మూడు మునిగిపోయాయి. ఒకటి నా చెంపకి అంటుకుంది. నాకు వేసిందో, దానికి వేసిందో తెలియదు.

తినేశాను.

ఆగస్టు 18

నేను పడవ ఎక్కేదాకా నుర్లిన్ లేవలేదు. కానీ ఈసారి గుమ్మం వైపు తిరిగి పడుకుంది.

ఆగస్టు 19, సోమవారం

నుర్లిన్ తోడబుట్టినదానా,

ఇంటి కింది నీళ్ళు సీసాలో తెచ్చాను. భోజనాల బల్ల కింద గిన్నెలో పోసి పెట్టాను. ఇక్కడ కూడా మెతుకులు పడటానికి చోటు ఉంది. మెయ్లాని గిన్నెని ఇంకా తన్నలేదు. తన్నితే మళ్ళీ నింపుతాను. నా పక్క కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వడం లేదు.

నువ్వు నాకూ చెల్లెలివే. ఇన్నేళ్ళూ పలకరించలేదు. దానితో చెప్పు, ఇక్కడ నన్ను ఎంత గట్టిగానైనా అక్కా అని పిలవచ్చని.

ఇరవయ్యారున పేర్లు పిలుస్తారు. ఇరవయ్యయిదు, ఆదివారం, చివరి పడవ వచ్చేదాకా రేవులో ఉంటాను. ఆలోపు జవాబు చెప్పు.