మలుపు దగ్గర అమ్మ కాపలా

సౌభాగ్యవతి అయిన మా ఇంటామెకి మీ ఆయన దీవించి రాస్తున్నది. నా దీవెన చూసి నువ్వు నవ్వుతావని తెలుసు, నవ్వుకో. ఇక్కడ నేను, అమ్మ, పాప క్షేమం. నువ్వూ పట్నంలో క్షేమంగా ఉండి పరీక్షకి బాగా చదువుతున్నావని తలుస్తాను. క్షేమం అన్న మాట ఈసారి ఒట్టేసి రాస్తున్నాను. ఎందుకో కింద చెబుతాను.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. అన్నీ మేకల గురించే, కట్టుకున్నవాడు తిన్నాడా లేదా అని ఒక్కటీ లేదు. సరే, వరసగా చెబుతాను. నువ్వు చెప్పినట్టే దొడ్డి నేల ఎత్తు చేసి, సందులుండేలా కర్రలు పరిచాను. పెంట కిందికి రాలిపోతోంది, పైన పొడిగా ఉంటోంది. "మేకలకి మంచం వేశాడమ్మా, కన్నతల్లికి వేశాడా?" అని అమ్మ ఊరంతా చాటింది. ఆవిడకీ ఒకటి కొట్టి ఇచ్చేదాకా నాకు ప్రశాంతత లేదు. ఒంటికొమ్ముది మొన్న ఈనింది, రెండు పిల్లలు, రెండూ గెంతుతున్నాయి. పాప బడికి వెళ్తోంది. జడ నేనే వేస్తున్నాను. టీచరమ్మ విప్పి మళ్ళీ వేసి పంపుతోంది.

మన మేకపోతు దొర నీ గొంతు మర్చిపోయాడా అని అడిగావు. దానికి జవాబు రాయడానికే ఇన్ని మాటలు చుట్టూ తిప్పుతున్నాను.

పోయిన ఉత్తరంలో "అందరం క్షేమం" అని రాశాను కదా, అది అబద్ధం. అప్పటికే కింది వాలులో మేకల్ని చంపే పారుడు రోగం దిగింది. సంతలో ఎవరో కొన్న మేకతో వచ్చిందట. మన దొడ్డిలో ముందు దొరకే ముక్కు కారడం, పారడం మొదలైంది. నీకు రాస్తే ఏం చేస్తావో నాకు తెలుసు. పుస్తకాలు అక్కడే పడేసి కొండెక్కేస్తావు. నీ చదువు మధ్యలో ఆగిందా, ఈ కొండకి పశువుల వైద్యం తెలిసిన మనిషి ఇక ఉండదు. ఏటా దొడ్లు ఖాళీ కావడం, మనం నెత్తి కొట్టుకోవడం మామూలే అవుతుంది. అందుకని దాచాను.

రోగం పేరు వినగానే మనవాళ్ళు చేసేదే చేయబోయారు. మందని విడదీసి చుట్టాల దొడ్లకి తోలేయడం, ఒకచోట పోయినా ఒకచోట మిగులుతాయని. అలా రోగాన్ని మనమే ఇంటింటికీ పంచుతున్నామని నువ్వు వెళ్ళే ముందు ఎంత మొత్తుకున్నావో! అప్పుడు ఆవలిస్తూ విన్నాను గానీ, విన్నాను.

ఎప్పటిలాగే శిఖరం అవతలి నుంచి మా అక్క మొగుడు, బావ వచ్చాడు, మన మేకల్లో సగం తన దొడ్డికి తీసుకెళ్దామని. ఇవ్వనన్నాను. మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అమ్మ నా మీద విరుచుకుపడింది.

"పెళ్ళాం చదువుకుంటే మొగుడికి తెలివి వచ్చిందా? అన్నీ ఒకేచోట చావనీ, అప్పుడు చూద్దువుగానీ!"

మర్నాడు తెల్లారేసరికి అమ్మ రెండు మేకలకి తాడు కట్టి తనే బయల్దేరింది. తలప్రాణం తోకకొచ్చింది నాకు. గేటుకి అడ్డంగా నిలబడ్డాను.

"అమ్మా, నువ్వు తోలుకెళ్ళేది మేకల్ని కాదే, రోగాన్ని. తీసుకెళ్ళి అక్క దొడ్డిలోనే దించుతావా?"

అమ్మ దొర వైపు చాలాసేపు చూసింది. తర్వాత తాళ్ళు విప్పి, కర్ర పట్టుకుని, శిఖరానికి వెళ్ళే దారి మలుపులో రాయి మీద కూర్చుంది. ఇక చూడాలి! ఎవరు మేకతో వచ్చినా, "పైన నా కూతురి దొడ్డి ఉంది. ఈ మలుపు దాటితే నీకు కాళ్ళుండవు" అనేది. ఊరి పెద్దనీ తిప్పి పంపింది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట గెలిచాను, రచ్చంతా అమ్మే గెలిచింది.

మందలన్నీ ఎక్కడివక్కడ ఆగాయి. మేతే దొడ్లకి నడిచింది, మా వీపుల మీద. కబురంపితే వచ్చిన పశువుల డాక్టరు, వంతెన కూలిందని వాగు అవతలే ఆగిపోతే, నడుంలోతు నీళ్ళలో దిగి టీకాల ఐసుపెట్టె నెత్తిన పెట్టుకుని తెచ్చాను. ఆయన్ని మాత్రం పదిమంది కలిసి దాటించారు. బాగున్న మేకలన్నిటికీ టీకాలు పడ్డాయి.

దొర దక్కలేదు. సీసాతో పాలు పట్టి పెంచిన దానివి, నీకు ఎలా చెప్పాలో తెలియక ఇన్నాళ్ళు నోరు మూసుకున్నాను. విడిగా కట్టి, నువ్వు చెప్పిన ఉప్పు పంచదార నీళ్ళు రాత్రీ పగలూ పట్టాను. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాను. నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నన్ను ఓదార్చాల్సింది పోయి నాకన్నా గట్టిగా ఏడ్చింది.

కానీ విను. మన దొడ్డిలో పోయింది వాడొక్కడే. ఇరుగుపొరుగు దొడ్లన్నీ నిండుగా ఉన్నాయి. శిఖరం అవతల ఒక్క మేక కూడా తుమ్మలేదు! వానలు వెళ్ళాక దొడ్లు నిండుగా ఉండడం అమ్మకి కూడా ఇదే మొదటిసారట. నిన్న బావ వచ్చి కడుపునిండా తిని, చేయి కడుక్కుంటూ, "మా వాలుకి కూడా చెల్లెమ్మే రావాలి టీకాలకి" అన్నాడు. కోడలికి పట్నంలో మేకల చదువేమిటని మూతి విరిచిన అమ్మ, "దానికి తీరిక ఉండొద్దూ? చూద్దాంలే" అంది.

పరీక్ష పూర్తి చేసుకునే రా. నా మీద కోపం ఉంటే దాన్నీ వెంట తెచ్చుకో, ఇంట్లో తీర్చుకుందువు. రోగం పోయినా అమ్మ మలుపులో రాయి మాత్రం వదల్లేదు. నువ్వొచ్చినప్పుడు కర్ర అడ్డం పెట్టి ఎవరని అడుగుతుంది. "కోడల్ని" అనకు. "డాక్టరమ్మని" అని చెప్పు. లేకపోతే దారివ్వనని ఇప్పుడే పక్కన నిలబడి మరీ రాయించింది.

ఇట్లు,
నీ మేకల తర్వాతైనా నీకు గుర్తుండే,
మీ ఆయన