అన్నయ్య వాటా చక్కెర

పార్సిప్పనీ, న్యూజెర్సీ
ఫిబ్రవరి 15, 1987

ప్రియమైన అక్కయ్యకి,

నిన్న ఫోన్ చేస్తే నువ్వు హాస్పిటల్లో డ్యూటీలో ఉన్నావని బావగారు చెప్పారు. ఆయనకి చెబితే సగం మరిచిపోయి మిగతా సగం మార్చి చెబుతారు కనక ఉత్తరమే రాస్తున్నాను.

మా కంపెనీలో జనవరి నుంచి లేఆఫ్‌లు నడుస్తున్నాయి. రాడార్ గ్రూపులో నలభైమందిమి ఉండేవాళ్ళం, ఇప్పుడు ఇరవై ఆరుగురం. ఈమధ్యే పెద్ద ప్రాజెక్టు ఒకటి వచ్చింది. ఏ దేశానికో మాకింకా చెప్పలేదు గానీ, విమానాలకి రాడార్లు అమర్చే పని అని తెలిసింది. అందులో నన్ను లీడ్ ఇంజనీర్‌గా వేస్తామన్నారు. పడ్డానా, అయిదేళ్ళు నిశ్చింత. పడకపోతే తర్వాతి లిస్టులో నా పేరు ఉన్నట్టే. విద్యకి ఇదంతా చెప్పలేదు, నువ్వు కూడా నోరు జారకు.

దీనికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. పదిహేనేళ్ళుగా ఎక్కడెక్కడ ఉన్నానో అన్ని అడ్రసులూ రాయమన్నారు. మొట్టమొదటిది మీ ఇల్లే కదా. అందుచేత షామ్‌బర్గ్‌కి ఒక ఇన్వెస్టిగేటర్ వచ్చి నా గురించి అడుగుతాడు. భయపడాల్సిందేమీ లేదు. ఒక్కటి మాత్రం మరిచిపోకుండా చెయ్యి. అన్నయ్య సంగతి చెప్పు. అరవై రెండులో నేఫా సరిహద్దులో చైనావాళ్ళ చేతిలో పోయాడని గట్టిగా చెప్పు. వీళ్ళకి కమ్యూనిస్టులంటే ఒళ్ళుమంట. చైనాకి అన్నని పోగొట్టుకున్నవాడంటే అంతకంటే సర్టిఫికెట్ ఏం కావాలి?

ఇలా రాస్తుంటే నాకే ఏదోలా ఉంది. కానీ చెప్పు.

నీ తమ్ముడు,
మోహన్

---

షామ్‌బర్గ్, ఇల్లినాయ్
ఏప్రిల్ 5, 1987

ప్రియమైన మోహన్‌కి,

నీ ఇన్వెస్టిగేటర్ దయచేసి వెళ్ళాడు. నిన్న పొద్దున పదింటికి, నేను జంతికల పిండి కలుపుతుంటే బెల్ కొట్టాడు. గుమ్మంలోనే షూస్ విప్పించాను. మేజోడుకి బొటనవేలి దగ్గర ఇంత చిల్లు! పాపం ఆ తర్వాత అంత దర్జాగా ప్రశ్నలు అడగలేకపోయాడు.

తాగుతాడా అన్నాడు. పెరుగన్నం తింటే మత్తెక్కే మనిషి అన్నాను. ఆడవాళ్ళ గొడవలేమైనా ఉన్నాయా అన్నాడు. పెళ్ళాంతో మాట్లాడ్డానికే ధైర్యం చాలదన్నాను. రెండూ రాసుకున్నాడు. ఇక అసలు విషయం. నువ్వు చెప్పమన్నావు కనక అన్నయ్య సంగతి చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆపుకోలేకపోయాను. ఇరవై నాలుగేళ్ళకి ఆర్మీ సిగ్నల్స్‌లో సెకండ్ లెఫ్టినెంట్ హరనాథ్ ఎలా ఉండేవాడో, బందరు స్టేషన్లో రైలు కదిలాక కూడా నీ చెయ్యి వదలకుండా ఎలా పరుగెత్తించాడో చెప్పాను. అమ్మ రేషన్ కార్డు సంగతి కూడా చెప్పాను. మనిషి లేనప్పుడు పేరు కొట్టెయ్యాలని రేషన్ ఆఫీసు గుమాస్తా వస్తే, "పేరు కొట్టెయ్యడానికి నువ్వెవరివి? నా కొడుకు రాలేదంతే" అని అమ్మ అతన్ని వీధి చివరిదాకా తరిమింది గుర్తుందా? నెలనెలా అన్నయ్య వాటా చక్కెర విడిగా సీసాలో పోసి, ఏడాదికొక్కసారి వాడి పుట్టినరోజున పాయసం చేసేది. శాస్త్రం ప్రకారం పన్నెండేళ్ళు ఆగాకే కదా, నువ్విక్కడినుంచి వెళ్ళి దర్భలతో బొమ్మ చేసి దహనం చేసింది. ఆ పూట గానీ అమ్మ కార్డులో పేరు తీయించలేదు.

అంతా విని అతను, "అయితే మీ అన్నని చైనావాళ్ళు చంపేశారన్నమాట" అన్నాడు.

అవును, చంపేశారు అన్నాను. మోహన్, ఆ మాట మనింట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. మనకొచ్చిన టెలిగ్రాంలో ఆచూకీ తెలియలేదనే ఉంది. అమ్మ పోయేదాకా అదే మాట మీద ఉంది. నీ ఉద్యోగం కోసం నేను ఒక్క క్షణంలో వాడిని చంపేసి, ఎవడికో కాఫీ కలిపిచ్చాను. అతను వెళ్ళాక ఆ పిండి పారబోశాను.

సరేలే. ప్రమోషన్ రాగానే ఫోన్ చెయ్యి. రేణుకి ముద్దులు.

అక్కయ్య,
హైమ

---

పార్సిప్పనీ
సెప్టెంబర్ 12, 1987

ప్రియమైన అక్కయ్యకి,

ఫోన్లో చెప్పడానికి నోరు రాక రాస్తున్నాను. క్లియరెన్స్ వచ్చింది. ప్రాజెక్టు ఎవరికో కూడా తెలిసింది.

చైనాకి.

నువ్వు చదివింది నిజమే. రష్యా మీద కోపంతో వీళ్ళు చైనాని చేరదీసి ఎనిమిదేళ్ళయింది. మనం పేపర్లో చదివి, పెద్దవాళ్ళ వ్యవహారంలే అనుకున్నాం. ఆ వ్యవహారం ఇప్పుడు నా బల్ల మీదికొచ్చింది. వాళ్ళ యుద్ధవిమానాలకి మా రాడార్లు పెట్టాలి. వాళ్ళ ఇంజనీర్లు వచ్చే ఏడు ఇక్కడికే వచ్చి మా పక్కన కూర్చుంటారు. ఏ ఎండకా గొడుగు పట్టడం మనవాళ్ళకే తెలుసని నువ్వంటుంటావే, ఈ దేశం దగ్గర మనం పాఠం నేర్చుకోవాలి.

మొన్న సెక్యూరిటీ ఆఫీసరు పిలిచాడు. ఫైల్లో నువ్వు చెప్పిందంతా టైపు చేసి ఉంది, చక్కెర సీసాతో సహా. ఏది సర్టిఫికెట్ అవుతుందనుకున్నానో అదే మచ్చ అయి కూర్చుంది. కస్టమర్ మీద పగ ఉన్నవాడిని లీడ్‌గా ఎలా వేస్తామన్నాడు. పగ లేదన్నాను. అయితే రాసివ్వమని కాగితం జరిపాడు. "నా సోదరుడు హరనాథ్ 1962లో మరణించాడు. ఆ విషయంలో చైనా ప్రభుత్వం మీద గానీ, ఆ దేశస్థుల మీద గానీ నాకు ఎలాంటి ఆగ్రహమూ లేదు." కింద సంతకానికి గీత. ఇరవై ఒకటో తేదీ, సోమవారం లోపల ఇవ్వాలి.

మా గ్రూపులో చాంగ్ అని తైవాన్ అతనున్నాడు. వాళ్ళ నాన్న చైనా ఫిరంగులకి కాలు పోగొట్టుకున్నాడు. అతనికీ ఇలాంటి కాగితమే ఇచ్చారు. నిలబడే సంతకం పెట్టేశాడు. ఎలా పెట్టావని అడిగితే, "మిమ్మల్ని కాపాడతామని వీళ్ళ దేశం మా దేశానికి పెట్టిన సంతకమే పాతికేళ్ళకి చెరిపేశారు. నాది ఎన్నాళ్ళుంటుందిలే" అన్నాడు.

తప్పు నీది కాదు. నేను చెప్పమన్నదే చెప్పావు. ఇంటి లోన్, రేణు, విద్య కడుపులో ఉన్న రెండోది, అన్నీ ఆ గీత మీదే ఉన్నాయి. పెట్టక ఏం చేస్తాను? నువ్వేమంటావో రాయి. నీ ఉత్తరం కోసం చూస్తుంటాను.

మోహన్

---

షామ్‌బర్గ్
సెప్టెంబర్ 17, 1987

మోహన్‌కి,

ప్రియమైన అని రాయడానికి ఈరోజు చెయ్యి రావడంలేదు.

పెట్టక ఏం చేస్తానని నువ్వే రాసి, మళ్ళీ నన్నడగడం దేనికి? పెట్టుకో. అవసరానికి వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. నువ్వెంత? కానీ అన్నయ్యని మంచులోకి తరిమినవాళ్ళ విమానాలకి కళ్ళు పెట్టడం నీకు ప్రమోషన్. ఆ విమానాలు రేపు ఏ సరిహద్దు మీదికొస్తాయో చిన్నపిల్లాడికి తెలుసు. ఎద్దు పుండు కాకికి ముద్దా? అమెరికాకి మన పుండు నొప్పి తెలియాలని నేననను. నీకు తెలియొద్దూ?

ఒక్క మాట. ఆ సంతకం పెట్టిన చేత్తో అన్నయ్యకి తర్పణం వదలకు. కార్తీక అమావాస్యకి ఏటా మా ఇంటికొచ్చి నువ్వు పెట్టే తద్దినం ఇంక నువ్వు పెట్టనక్కర్లేదు. మన పెద్దనాన్నగారి నరసింహ డిట్రాయిట్‌లోనే ఉన్నాడు. వాడితో మాట్లాడాను, వాడు వచ్చి పెడతాడు.

నువ్వు రావద్దు. ఫోన్ చెయ్యొద్దు.

హైమ

---

షామ్‌బర్గ్
జూలై 9, 1989

ప్రియమైన మోహన్‌కి,

దాదాపు రెండేళ్ళయింది. ఈ అక్షరాలు చూసి చింపేస్తావేమో, చదివి చింపు.

నెలరోజులుగా టీవీలో బీజింగ్ చూస్తున్నాను, విద్యార్థుల మీదికి సైన్యాన్ని పంపి కాల్పించడం. ఆ పిల్లల వయసు చూస్తే అన్నయ్యే గుర్తొస్తున్నాడు. చైనాకి ఆయుధాలు, సైనిక సాయం అన్నీ ఆపేశారని పేపర్లో పడింది. నీ ప్రాజెక్టు కూడా ఆగిపోయే ఉంటుంది. అబద్ధం ఎందుకు, చదవగానే ముందు సంతోషించాను. ఇప్పుడు తెలిసిందా అని నీ మొహం మీద అడగాలనిపించింది. సాయంత్రానికి ఆ సంతోషం కాస్తా పోయి ఏడుపొచ్చింది. రెండోవాడు పుట్టాడని విద్య కార్డు పంపితే జవాబివ్వలేదు. తను రెండుసార్లు ఫోన్ చేసింది. మోహన్ పేరెత్తితే పెట్టేస్తానన్నాను. ఎత్తలేదు. మేనల్లుడి పేరేమిటో కూడా నేను సరిగ్గా అడగలేదు.

నువ్వు చేసింది తప్పే. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. కానీ ఆ తప్పు చేయించినవాళ్ళే ఇవాళ దాన్ని చెత్తబుట్టలో వేశారు. ఇంక మనిద్దరం ఎవరి తరఫున కొట్టుకోవాలి? నరసింహ తద్దినం గడియారం చూసుకుంటూ పెడుతున్నాడు. వాడు అన్నయ్యని చూసింది రెండుసార్లు. ఈ కార్తీకానికి నువ్వు రా. నేను క్షమించేశాను.

అక్కయ్య

---

పార్సిప్పనీ
ఆగస్టు 20, 1989

ప్రియమైన అక్కయ్యకి,

నీ ఉత్తరం చింపలేదు. నలభై రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. క్షమించానన్న మాట దగ్గర ఆగిపోయేవాణ్ణి.

నేను సంతకం పెట్టలేదు.

గొప్పకోసం కాదు. ఆ సోమవారం పెడదామనే వెళ్ళాను. పెన్ను మూత కూడా తీశాను. "మరణించాడు" అన్న మాట దగ్గర చెయ్యి ఆగింది. ఇక్కడ ఆచూకీ తెలియలేదని ఉండాలి, మార్చమన్నాను. పాతికేళ్ళయిందిగా, తేడా ఏముందన్నాడు ఆఫీసరు. రేషన్ ఆఫీసు గుమాస్తా కూడా అచ్చం అలాగే అన్నాడు, నేను గుమ్మంలో నిలబడి విన్నాను. అమ్మలా వీధి చివరిదాకా తరిమే ధైర్యం నాకు లేదు. పెన్ను మూత పెట్టి బల్ల మీద పెట్టేశాను. చెప్పొద్దూ, ఫిబ్రవరిలో ఆ మాట ముందు నీకు రాసింది నేనే. పోయాడని గట్టిగా చెప్పమన్నాను. కాగితం మీదికి ఆ మాట నావల్లే ఎక్కింది.

సాయంత్రం నాలుగింటికి బ్యాడ్జ్ తీసుకుని గేటు దాకా సాగనంపారు. విద్యకి ఏం చెప్పాలా అని కారులో గంటసేపు కూర్చున్నాను. అక్కయ్యకి ఫోన్ చేద్దాం, తను గర్వపడుతుంది అనుకుంటూ ఇంటికొచ్చాను. డైనింగ్ టేబుల్ మీద నీ ఉత్తరం ఉంది.

ఆ తర్వాత ఇంక చెప్పబుద్ధి కాలేదు. విద్యని కూడా చెప్పనివ్వలేదు. ఇల్లు అమ్మేసి అపార్ట్‌మెంటుకి మారాం. రూట్ 46 మీద టీవీలు, వీసీఆర్‌లు రిపేర్ చేసే షాపులో పని చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ నా అన్న సంగతి అక్కర్లేదు.

పోయిన నెల ఆ చైనా ఇంజనీర్లలో ఇద్దరు వచ్చారు, పాత టీవీ ఒకటి మోసుకుని. జూన్ నుంచి వాళ్ళనీ లోపలికి రానివ్వడంలేదట. నన్ను బయటికి పంపిన గేటే. పగలంతా అపార్ట్‌మెంట్లో కూర్చుని వాళ్ళ ఊరి వార్తల కోసం టీవీ చూస్తున్నారు. అది కూడా చెడిపోయింది. పెద్దతను, సాంగ్ అని, నువ్వు ఏ దేశం అని అడిగాడు. చెప్పాను. మా చిన్నాన్న ఆ సరిహద్దుకి వెళ్ళాడు, తిరిగి రాలేదు అన్నాడు. చనిపోయాడా అని నేను అడగలేదు. ఇద్దరం ఒకే బల్ల మీద వంగి ఆ టీవీ బాగుచేశాం. పగ ఉందో లేదో ఆ రోజు కూడా నాకు తెలియలేదు.

అన్నయ్య తద్దినం ఏ ఏడూ మానలేదు. ఇక్కడి గుళ్ళో నేను పెడుతూనే ఉన్నాను. అంటే ఒకే రోజు నరసింహ పెట్టిందీ, నేను పెట్టిందీ కలిపి అన్నయ్యకి రెండు తద్దినాలు. అన్నయ్య వాటా ఎప్పుడూ ఎక్కువేలే. మేనల్లుడి పేరు అడగలేదన్నావు కదా. వాడి పేరు హరనాథ్.

ఈ కార్తీకానికి నేను రాను. కోపం ఉంటే వచ్చి పోట్లాడేవాణ్ణి. కంపెనీవాళ్ళు కనీసం కాగితం ఇచ్చి అడిగారు, పది రోజులు గడువిచ్చారు. పెట్టావా అని నువ్వు అడగనేలేదు. నా ఉత్తరం మీద తేదీ పన్నెండు, నీ ఉత్తరం మీద తేదీ పదిహేడు. అమ్మ రాని కొడుకు కోసం పన్నెండేళ్ళు ఆగింది. ఉన్న తమ్ముడి కోసం నువ్వు ఆగింది అయిదు రోజులు.

బావగారికి నమస్కారాలు.

మోహన్