ఎడమవైపు పలక

కోరుట్ల,
శ్రావణ ఆదివారం.

అమ్మకు,

నీ కొడుకు శ్రీశైలం దండం పెట్టి రాస్తున్న జాబు. ఇక్కడ నేను, నీ కోడలు జ్యోతి, నీ మనవరాలు చిన్నది ఒంట్లో బాగానే ఉన్నాం. సిరిసిల్లలో నువ్వు, అక్కావాళ్లు కూడా అట్లాగే ఉన్నారని తలుస్తాను. వారం నుంచి ఇక్కడ ముసురు పట్టింది. దుకాణం ముందు మోకాలి కింది దాకా బురద. అయినా బండ్లు వస్తూనే ఉన్నాయి, పని ఆగలేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. జ్యోతి దగ్గు తగ్గింది. నువ్వు చెప్పినట్టే వాము నీళ్లు కాచి తాగింది. చిన్నది బడికి పోయేందుకు రెండు రోజులు ఏడ్చింది, ఇప్పుడు సెలవు రోజు కూడా సంచీ తగిలించుకుని నిలబడుతోంది. నీ కంటి చుక్కలు అక్క మరచిపోకుండా వేస్తోందో లేదో నువ్వు రాయలేదు. ఈసారి తప్పకుండా రాయి. సాంచాల మగ్గాల చప్పుడుకు నీ చెవులు ఎట్లాగూ పోయాయి, కళ్లనైనా కాపాడుకోవాలి. మన మాటలన్నీ ఈ కాగితాల మీదే కదా.

“నీ అక్షరాలు ఎందుకట్ల వంకరపోయినయి కొడుకా?” అని అడిగావు. దాని సంగతి తర్వాత రాస్తాను.

కరుణాకర్ కారులో మళ్లీ నీళ్లేమన్నా కారాయా అని కూడా అడిగావు. కారలేదు. ఆ కారు సంగతి ముందు సగమే రాశాను, ఇప్పుడు మొత్తం రాస్తాను. కరుణాకర్‌ది జగిత్యాల. పెళ్లిళ్లకు కార్లు కిరాయికి ఇస్తాడు. ముప్పై ఐదేళ్ల కిందటి జపాన్ స్పోర్ట్స్ కారు ఒకటి హైదరాబాద్‌లో కొని తెచ్చాడు. ఎర్రగా, నేలకు ఆనుకుని, రెండే తలుపులతో ఉంటుంది. దాని టాప్ మీద రెండు ఫైబర్ పలకలు, కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. పిడి తిప్పి ఎత్తితే ఊడి వస్తాయి. బారాత్ ఊరేగింపులో వాటిని తీసేస్తే పెళ్లికొడుకు, పెళ్లికూతురు కారులోనే లేచి నిలబడతారు. పిల్లలు వెంట పరుగెత్తుతారు. ఈ చుట్టుపక్కల అట్లాంటి బండి ఇంకోటి లేదు.

కానీ వాన పడితే ఆ పలకల అంచుల నుంచి లోపలికి కారేది. మా దుకాణం సీట్ కవర్లకు, తలుపుల అంచుకు వేసే బీడింగ్ రబ్బర్లకు పేరు కాబట్టి నా దగ్గరికి తెచ్చాడు.

“గీసారి సుక్క గూడ కారద్దు శ్రీశైలం. పోయిన లగ్గంల పెండ్లిపిల్ల పట్టుచీర మీద కారి నా ఇజ్జత్ పోయింది. శ్రావణమంత బుకింగులున్నయి” అన్నాడు.

నేను లోపల కూర్చున్నాను, జ్యోతి పైనుంచి పైపుతో నీళ్లు పట్టింది. ఎడమవైపు ముందు మూలలో ధారగా వచ్చింది. రబ్బరుకు సుద్దపొడి రాసి పలక మూసి తీశాను. ఆ మూలలో పలకకు పొడి అంటలేదు, అంటే అక్కడ రబ్బరు అణిగిపోయింది. ఆ కారు రబ్బరు ఎక్కడా దొరకలేదు. నాలుగు రోజులు వెతికి, చివరికి లారీ తలుపుకు వేసే లావు బీడింగ్ తెచ్చి అంచు చుట్టూ అంటించాను. తర్వాత అరగంట నీళ్లు పట్టాం. సీటు పొడిగా ఉంది. కరుణాకర్ ఫోన్లో వీడియో చూసి మెచ్చుకున్నాడు. ఆ సంతోషంలోనే కారు బాగైందని నీకు ఉత్తరం రాశాను.

అమ్మా, ఆ ఉత్తరం పోస్టు చేసిన మర్నాడు పొద్దున్నే నరేశ్ వచ్చి కారు తీసుకుపోయాడు. నరేశ్ కరుణాకర్ దగ్గర డ్రైవరు, ఉండేది కోరుట్లలోనే. నెమ్మదస్తుడు, బిడ్డ మూడో తరగతి చదువుతోంది. జగిత్యాల రోడ్డెక్కి ఇరవై నిమిషాలు పోయాడో లేదో, ఎడమవైపు పలక గాలికి లేచి ఎగిరిపోయింది. రోడ్డు పక్కన గొడుగు కింద మొగిలవ్వ అనే ఆమె మక్క కంకులు కాలుస్తోంది. పలక అంచు పోయి ఆమె మోచేతికి తగిలింది. చెయ్యి రెండు చోట్ల విరిగింది. జానెడు పైకి తగిలి ఉంటే ఏమయ్యేదో రాయడానికి నాకు చేతులు రావడం లేదు.

నరేశ్ ఆమెను అదే కారులో ఎక్కించుకుని దవాఖానాకు తీసుకుపోయాడు. అజాగ్రత్తగా నడిపాడని అతని మీద కేసు పెట్టారు. కరుణాకర్ అతన్ని నలుగురిలో తిట్టాడు. “టాప్ తీసి ఆటలాడి, మల్ల సరిగ్గ బిగియ్యలే నువ్వు!” అన్నాడు. తాను అసలు ముట్టుకోలేదని నరేశ్ ఎంత మొత్తుకున్నా వినలేదు, పనిలోంచి తీసేశాడు.

మూడో రోజు నరేశ్ నా దుకాణానికి వచ్చాడు. చెప్పులు బయట విడిచి, లోపలికి వచ్చి నిలబడ్డాడు.

“అన్నా, నువ్వు బిగించినప్పుడు మంచిగనే ఉండె గదా? నేనే ఏమన్న పిడికి చెయ్యి తాకిచ్చిన్నా అని నా మీద నాకే అనుమానమైతాంది” అన్నాడు.

“మంచిగనే ఉండె” అన్నాను.

ఇంతవరకు రాసి, కాగితం పక్కన పెట్టి, దుకాణం ముందు బురద తోసి మళ్లీ కూర్చున్నాను. ఇక దాచను.

అది మంచిగా లేదమ్మా. నాకు తెలుసు. పిడి తిప్పినప్పుడు పలకలోంచి ముందొక ఇనుప ముల్లు, వెనకొక ఇనుప ముల్లు వచ్చి రంధ్రాల్లో దిగాలి. దిగితే టక్కున వినబడుతుంది. నేను వేసిన రబ్బరు లావై పలక పూర్తిగా కిందికి కూర్చోలేదు. మోకాలు ఆనించి బలవంతంగా పిడి తిప్పాను. వెనక ముల్లు దిగింది, ముందుది దిగలేదు. జ్యోతి పక్కనే ఉంది. “ముందట టక్కుమన్లేదు గదా?” అని అడిగింది కూడా. “కొత్త రబ్బరు, రెండు రోజులల్ల అణుగుతది. నీకేం తెల్వదు” అని కసిరాను. నీళ్లు ఆగాయన్న గర్వంలో ఇంకేం ఆలోచించలేదు. అణగడానికి రెండు రోజులు కాదు, ఒక్క పూట కూడా ఆగకుండా బండి ఇచ్చేశాను.

నరేశ్‌తో ఆ మాట అన్న రోజు నుంచి జ్యోతి నాకు ఎదురుపడితే తల తిప్పుకునేది. రోడ్డు మీద పోలీసు జీపు కనబడితే షట్టర్ దింపేవాణ్ని. ఎవరన్నా “అన్నా” అని పిలిస్తే నరేశేమోనని లోపలికి పోయేవాణ్ని. నీకు ఆ వారంలోనే ఇంకో ఉత్తరం రాశాను. అంతా బాగుందని రాశాను. అక్షరాలు వంకరపోయింది అందుకే.

తొమ్మిదో రోజు జగిత్యాల దవాఖానాకు పోయాను. మొగిలవ్వకు అరవై ఏళ్లు ఉంటాయి. చేతికి కట్టు, మెడకు వేలాడే గుడ్డ. నన్ను కారువాళ్ల మనిషి అనుకుంది.

“నాకు ఎవలి మీద కోపం లేదు బిడ్డ. గా డ్రైవర్ పిలగాడు నన్ను సంటిదాన్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ఉరికిండు. దినాం అచ్చి సూసిపోతండు. ఆయినె మీద కేసు వడ్డదట గదా? నువ్వన్న జెర పోలీసోళ్లకు చెప్పు” అంది.

“అవ్వా, తప్పు ఆయినెది కాదు. పలక బిగించింది నేను” అన్నాను. ఆమె తిడితే బాగుండుననిపించింది.

“మరి గీ మాట నాకెందుకు చెప్పవడితివి? చెప్పెటోళ్లకు చెప్పు, పో” అని అటు తిరిగి పడుకుంది.

అక్కడి నుంచి నేరుగా కరుణాకర్ దగ్గరికి పోయాను. నరేశ్‌ను కూడా పిలిపించమన్నాను. ఇద్దరి ముందు మొత్తం చెప్పాను. కారు అక్కడే కప్పి ఉంది. పైన కప్పిన గుడ్డ తీసి చూపించాను. ముందు రంధ్రం పెదవి మీదే ముల్లు గీరిన గుర్తు ఉంది, లోపల ఏ గీతా లేదు. ఇంకోటి కూడా ఆ రోజే చూశాను. ఆ మూలలో నీళ్లు బయటికి పోయే సన్నని గొట్టం మట్టితో పూడుకుపోయి ఉంది. అది ఊదితే చాలు, సగం కారడం ఆగేది. లావు రబ్బరు అవసరమే లేదు.

కరుణాకర్ నా మీద చెయ్యెత్తాడు, మళ్లీ దించాడు. “నా దుకాన్ల అడుగు వెట్టకు” అన్నాడు. నరేశ్ మాత్రం అరవలేదు.

“నేను అడిగిన రోజే చెప్తే అయిపోవు గదనే. బడికాడ నా బిడ్డను, మీ బాపు ముసలిదాన్ని గుద్దిండట గదా అని అడిగిండ్రట. ఇంటికచ్చి, నిజమేనా బాపూ అన్నది. నాకే తెల్వదు, ఏమని చెప్పాలె?” అన్నాడు.

“స్టేషన్ల గూడ నేనే చెప్త, నీ వెంట వస్త” అన్నాను.

నిన్న నరేశ్ వెంట జగిత్యాల పోలీసు స్టేషన్‌కు పోయి జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టాను. కేసు నా మీదికి మారొచ్చు, ఇద్దరి మీదా ఉండొచ్చు, పిలిచినప్పుడల్లా రావాలి అన్నారు. ఏమవుతుందో తెలియదు. మొగిలవ్వ చెయ్యి మునుపటిలా వంగుతుందో లేదో కూడా డాక్టర్లు ఇప్పుడే చెప్పలేమంటున్నారు. జ్యోతి రోజూ పొద్దున అన్నం వండి ఆమెకు పంపుతోంది, సాయంత్రం నేను పోయి గిన్నె తెస్తున్నాను. ఆమె నాతో ఎక్కువ మాట్లాడదు, అన్నం మాత్రం తింటుంది. కరుణాకర్ నరేశ్‌ను మళ్లీ రమ్మని కబురు పెట్టాడు. పోతాడో లేదో నాకు తెలియదు, అడిగే ముఖం నాకు లేదు.

ఈ సంగతి వేరేవాళ్ల నోట నీకు తెలియకూడదనే ముందుగా రాస్తున్నాను. అక్కతో చదివించుకోకు, నువ్వే చదువు. కోపం వస్తే కోపంగానే రాయి, దాచకు.

స్టేషన్ బయటికి వచ్చాక నరేశ్ నన్ను వదిలేసి తన మోటార్ సైకిల్ స్టార్ట్ చేసుకుని పోయాడు. నేను బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. కొంచెం దూరం పోయి వెనక్కి తిరిగి వచ్చాడు. నా ముఖం చూడకుండానే, “వాన అచ్చెటట్టున్నది, ఎక్కు” అన్నాడు. కోరుట్లలో దుకాణం ముందు దింపి, తడుస్తూనే వెళ్లిపోయాడు.

నీ జవాబు కోసం కళ్లు కాయలు కాచేలా చూస్తుంటాను.

ఇట్లు,
నీ కొడుకు,
శ్రీశైలం